సున్నితమైన చర్మానికి ‘సహజ’ సన్‌స్క్రీన్: ఎంపిక ఎలా?

ఎండకు ముఖం కమిలి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లేవారు కొందరు. ఎండ తగలకూడదని రాసుకున్న క్రీము వల్లే ముఖం మండి వెళ్లేవారు మరికొందరు. ఈ రెండో రకం వారికి ఇరుగుపొరుగు నుంచో, ఫోన్ తెర మీద నుంచో ఒకే సలహా వస్తుంది: ఆ కెమికల్స్ ఎందుకు, నేచురల్‌ది వాడమని. తీరా అంగడికి వెళితే ‘నేచురల్’, ‘హెర్బల్’, ‘మినరల్’, ‘ఫిజికల్’, ‘కెమికల్ ఫ్రీ’ అని రకరకాల డబ్బాలు. ఈ మాటల అర్థాలు ఒకటి కావు. కొన్నింటికి అసలు అర్థమే లేదు.

మన దేశంలో ఇది చిన్న ఇబ్బందిగా తీసిపారేయదగ్గది కాదు. బాగా తెల్లని చర్మం మీద వచ్చిన దద్దురు ఎర్రబడి, కొన్నాళ్లకు మాసిపోతుంది. చామనఛాయ, నలుపు చర్మాల మీద అదే వాపు తగ్గుతూ తగ్గుతూ నల్లటి మచ్చను వదిలిపోతుంది. ఆ మచ్చ పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మచ్చలు రాకుండా కొనుక్కున్న క్రీమే మచ్చకు కారణమైతే డబ్బు పోయిన బాధ కన్నా ముఖం చూసుకునే బాధ ఎక్కువ.

ఎండలో తగిలేవి ఏవి?

సూర్యుడి నుంచి నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 95 శాతం యూవీ-ఏ రకం. వీటి తరంగదైర్ఘ్యం 320 నుంచి 400 నానోమీటర్లు. మిగిలిన కొద్ది భాగం యూవీ-బీ, అంటే 290 నుంచి 320 నానోమీటర్ల మధ్యవి. చర్మాన్ని ఎర్రగా కమిలించేవి ప్రధానంగా యూవీ-బీ కిరణాలు. యూవీ-ఏ కిరణాలు అంతకన్నా లోతుకు దిగి, చర్మాన్ని నల్లబరుస్తాయి, ముడతలు తెస్తాయి, క్యాన్సర్ ముప్పులోనూ వాటి వాటా ఉంది. కిటికీ అద్దం యూవీ-బీని చాలావరకు ఆపుతుంది కానీ యూవీ-ఏను పూర్తిగా ఆపలేదు. బస్సులో కిటికీ పక్కన రోజూ ఒకే వైపు కూర్చునేవారికి ఆ వైపు చెంప ముందు నల్లబడటం అందుకే.

డబ్బా మీద కనిపించే ఎస్‌పీఎఫ్ అంకె చర్మం ఎర్రబడటాన్ని కొలిచి ఇచ్చేది. కనుక అది ముఖ్యంగా యూవీ-బీ రక్షణ గురించే చెబుతుంది. యూవీ-ఏ సంగతి తెలియాలంటే పక్కన ఉండే ‘పీఏ’ గుర్తు చూడాలి. 1996లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతిలో ప్లస్ గుర్తులు పెరిగిన కొద్దీ రక్షణ పెరుగుతుంది. ఎస్‌పీఎఫ్ పెద్దదిగా ఉండి పీఏ లేని డబ్బా మన చర్మాలకు సగం పనిముట్టే, ఎందుకంటే ఇక్కడి వాళ్లను వేధించేది కమలడం కన్నా నల్లబడటం.

నల్లని చర్మంలోని మెలనిన్ కొంత రక్షణ ఇచ్చే మాట నిజమే. 1979లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో నల్లజాతీయుల పైచర్మం దాదాపు 13 ఎస్‌పీఎఫ్‌కు సమానంగా, తెల్లవారి పైచర్మం 3కు కాస్త పైగా పనిచేస్తున్నట్టు తేలింది. భారతీయుల చర్మఛాయలు ఎక్కువగా ఈ రెంటి మధ్య విస్తరించి ఉన్నాయి. తెలుగు నేల మీద ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో యూవీ సూచీ 11 దాటడం మామూలే. సూచీ 3 చేరినప్పటి నుంచే రక్షణ తీసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

పసుపు మరక చెప్పే సంగతి

సహజమైన సన్‌స్క్రీన్ అనగానే ముందు వంటింటి వైపే చూపు వెళుతుంది. పసుపు, కొబ్బరినూనె, కలబంద, గంధం. వీటిని తరతరాలుగా ఒంటికి రాసుకుంటున్నారు కనుక చర్మానికి ఏదో మేలు ఉంటుందన్న నమ్మకం అకారణమేమీ కాదు. అయితే ఎండను ఆపడం వేరే పని.

పసుపునే తీసుకుందాం. దానిలోని కర్‌క్యుమిన్‌కు ఆ పచ్చని రంగు ఎందుకంటే, అది సుమారు 425 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగును బాగా పీల్చుకుంటుంది. అది కంటికి కనిపించే వెలుగు. కమిలించే యూవీ-బీ దానికి చాలా దూరంలో ఉంది. పైగా కర్‌క్యుమిన్ వెలుతురులో నిలవదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పసుపు మరక పడిన చీరను ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక వెలిసిపోతుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఎండకు తానే చెదిరిపోయే పదార్థం చర్మానికి రోజంతా కాపలా కాయలేదు.

కొబ్బరినూనెది మరో కథ. దానికి ఎస్‌పీఎఫ్ 7, 8 దాకా ఉందని విరివిగా ప్రచారంలో ఉంది. ఈ అంకె మన దేశంలోనే 2010లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంలోనిది. అందులో నూనెలను ఆల్కహాల్‌లో పలుచన చేసి, స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరంలో కాంతి ఎంత పీల్చుకుందో చూసి, ఒక సూత్రంతో లెక్కగట్టారు. అది గాజు గొట్టంలోని ద్రావణం లెక్క. చర్మం మీద జిడ్డులా పరుచుకుని, చెమటతో కదిలిపోయే పలుచటి పొర లెక్క కాదు. కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వు ఆమ్లాలే. ఆ అణువుల్లో యూవీ-బీని గానీ యూవీ-ఏను గానీ పీల్చుకునే ఏర్పాటు లేదు. ఒకవేళ 7 అన్న అంకెనే నమ్మినా, బయట పనిచేసేవారికి కనీసం 30 ఉండాలంటున్నప్పుడు అది ఏ మూలకు సరిపోతుంది?

కలబంద గుజ్జులో 98 శాతం పైగా నీరు. కమిలిన చోట రాస్తే చల్లగా ఉంటుంది, అంతవరకే. గంధం చల్లదనమూ అలాంటిదే. చల్లగా అనిపించడం కూడా ఒక్కోసారి ప్రమాదమే, ఎందుకంటే మంట తెలియకపోతే నీడకు వెళ్లాలన్న ఆలోచన రాదు.

ఇక ఇంట్లోనే జింక్ ఆక్సైడ్ పొడి కొని కొబ్బరినూనెలో కలిపి డబ్బాలో పెట్టుకునే వీడియోలు ఉన్నాయి. జింక్ ఆక్సైడ్ నిజంగా పనిచేసే పదార్థమే. కానీ చెంచాతో కలిపితే అది ఉండలు కడుతుంది. చర్మం మీద ఒకచోట మందంగా, పక్కనే ఖాళీగా పరుచుకుంటుంది. జల్లెడతో వాన ఆపినట్టు. కణాలను సమానంగా విడదీసి నిలబెట్టడమే సన్‌స్క్రీన్ తయారీలో అసలు విద్య. పైగా ఆ పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

బావంచాలు, నిమ్మకాయ, వయ్యారిభామ

మొక్క నుంచి వచ్చిందంటే చర్మానికి మెత్తనిదే అన్న ఊహకు ఆయుర్వేదమే మంచి సమాధానం దాచిపెట్టుకుంది. బొల్లి మచ్చలకు బావంచాల గింజలు రాసి ఎండలో కూర్చోబెట్టే చికిత్స మన దేశంలో ఎంతో పాతది. ఎందుకు ఎండలో? ఆ గింజల్లోని సోరలెన్ అనే పదార్థం చర్మ కణాల డీఎన్‌ఏలోకి చేరి, యూవీ-ఏ తగలగానే దానికి అతుక్కుంటుంది. చర్మం ఎండకు ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది, రంగు పుట్టుకొస్తుంది. సోరలెన్ అన్న పేరు వచ్చింది కూడా బావంచ మొక్క శాస్త్రీయ నామమైన సోరాలియా నుంచే. 1970లలో ఆధునిక వైద్యం ఇదే సూత్రంతో సోరలెన్‌కు యూవీ-ఏను జోడించి ‘పూవా’ చికిత్సను రూపొందించింది. బొల్లికి మేలు చేసే ఈ గుణమే సున్నితమైన ముఖానికి కీడు. మోతాదు కాస్త మించితే బొబ్బలు లేస్తాయి.

సోరలెన్ లాంటి పదార్థాలు నిమ్మ జాతి కాయల తొక్కల్లోనూ ఉంటాయి. ముఖానికి శనగపిండిలో నిమ్మకాయ పిండి రాసుకుని ఆ తర్వాత ఎండలోకి వెళ్లినవారికి నల్లటి చారలు పడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. రసం కారిన దారి వెంటే మచ్చ పడుతుంది. ‘నేచురల్’ అని రాసిన క్రీములో నిమ్మ, బెర్గమాట్ నూనెలు సువాసన కోసం కలిపి ఉంటే, ఎండలో వాడే వస్తువులో వాటికేం పని అని ఆలోచించాల్సిందే.

వయ్యారిభామ సంగతి ఇంకా విచిత్రమైనది. 1950లలో పుణె దగ్గర కనిపించి, తర్వాత దేశమంతా అల్లుకుపోయిన ఈ కలుపు మొక్కను కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దాని ఎండు రేణువులు గాలిలో కొట్టుకొచ్చి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో తీవ్రమైన దురద, దద్దురు తెస్తాయి. కొందరిలో ఈ ఎలర్జీ ముదిరి, ఎండ తగిలితే చాలు చర్మం రేగే స్థితికి చేరుతుంది. ఇలాంటి రైతుకో, రైతుకూలీకో ఎండ నుంచి రక్షణ నిజంగా అవసరం. అతనికి ఇంట్లో పిల్లలు ప్రేమగా ఒక హెర్బల్ సన్‌స్క్రీన్ తెచ్చి ఇచ్చారనుకుందాం. అందులో చర్మాన్ని శాంతపరచడానికని చమోమైల్, క్యాలెండులా, ఆర్నికా సారాలు ఉండవచ్చు. ఈ మూడూ వయ్యారిభామ ఉన్న పొద్దుతిరుగుడు కుటుంబానివే. ఒకదానికి ఎలర్జీ ఉన్న శరీరం దాని చుట్టాలను కూడా శత్రువులుగానే గుర్తుపట్టవచ్చు. శాంతపరచాల్సిన మొక్కే మంటకు ఆజ్యమవుతుంది. పొలాల్లో తిరిగేవారు, చామంతిపూలు ముట్టుకుంటే చేతులు దురద పెట్టేవారు ఈ సారాలు లేని క్రీమునే ఎంచుకోవడం మేలు.

రెండు తెల్లని పొడులు

ఇంతకీ సున్నిత చర్మానికి వైద్యులు ఎక్కువగా సూచించే ‘సహజ’ సన్‌స్క్రీన్లలో పనిచేసేవి మొక్కలు కావు, ఖనిజాలు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. ఆంగ్లంలో వీటిని మినరల్ లేదా ఫిజికల్ సన్‌స్క్రీన్లు అంటారు.

జింక్ ఆక్సైడ్ మనకు కొత్తది కాదు. దద్దుర్లకు, చెమటకాయలకు రాసే గులాబీ రంగు క్యాలమైన్ లోషన్ ప్రధానంగా ఇదే. పసిపిల్లల తొడలు ఒరుసుకుంటే రాసే తెల్లటి క్రీములోనూ ఇదే ఉంటుంది. ఆయుర్వేదంలోని యశద భస్మం కూడా ముఖ్యంగా జింక్ ఆక్సైడే. రాజస్థాన్‌లోని జావర్‌లో శతాబ్దాల కిందటే జింక్‌ను బట్టీల్లో ఆవిరి చేసి తీసేవారు. క్రికెట్ అభిమానులకైతే దక్షిణాఫ్రికా బౌలర్ అలన్ డొనాల్డ్ ముఖం మీది తెల్లటి పూత గుర్తుండే ఉంటుంది. అదీ ఇదే పొడి.

మరి ఇది సహజమేనా? కచ్చితంగా చెప్పాలంటే, ట్యూబులోకి వచ్చే జింక్ ఆక్సైడ్ గనిలోంచి తవ్వి తెచ్చింది కాదు. శుద్ధమైన జింక్‌ను కరిగించి, ఆవిరి చేసి, గాలిలో మండిస్తే వచ్చే పొడి. కర్మాగారంలో చేయడమే మంచిది కూడా, ఎందుకంటే ముడి ఖనిజంలో సీసం, కాడ్మియం లాంటివి కలిసి ఉంటాయి. టైటానియం డయాక్సైడ్ కూడా అంతే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నల్ల ఇసుకలో దొరికే ఇల్మనైట్ లాంటి ఖనిజాల నుంచి దీన్ని తీయవచ్చు, అయితే మధ్యలో చాలా రసాయన ప్రక్రియ ఉంటుంది. అందుకే ‘కెమికల్ ఫ్రీ’ అనే మాట ఎక్కడ కనిపించినా నవ్వుకుని ముందుకు సాగవచ్చు.

ఇవి పనిచేసే తీరు గురించి ఒక పొరపాటు ప్రచారంలో ఉంది. ఖనిజ కణాలు అద్దంలా ఎండను వెనక్కి కొడతాయని, మిగతా రసాయన సన్‌స్క్రీన్లు కిరణాలను పీల్చుకుంటాయని చాలా పుస్తకాల్లోనూ ఉంటుంది. 2016లో కొలతలు తీసి చూస్తే, ఈ ఖనిజాలు వెనక్కి పంపేది యూవీలో సగటున 4, 5 శాతమే. దాదాపు పనంతా పీల్చుకోవడం ద్వారానే జరుగుతుంది. ఇవి అర్ధవాహకాలు. కాంతి కణంలో తగినంత శక్తి ఉంటే దాన్ని పీల్చుకుని ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, తర్వాత ఆ శక్తి వేడిగా మారిపోతుంది. జింక్ ఆక్సైడ్‌లో ఆ మెట్టు ఎత్తు సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 370 నానోమీటర్లు దాటే దాకా కిరణాలు దానికి చిక్కుతాయి. యూవీ-ఏలో చాలా భాగం ఇందులోకి వచ్చేస్తుంది. టైటానియం డయాక్సైడ్ యూవీ-బీని బాగా ఆపుతుంది కానీ పొడవైన యూవీ-ఏ దగ్గర బలహీనపడుతుంది. రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే జింక్‌కే ఓటు వేయాలి.

సున్నిత చర్మానికి వీటి మేలు పరావర్తనంలో లేదు. ఈ కణాలు చర్మం పైపొర మీదే నిలిచిపోతాయి, ఎలర్జీ తెప్పించడం చాలా అరుదు, ఎండలో చెడిపోవు. సేంద్రియ రసాయనాలతో చేసిన ఫిల్టర్లలో కొన్నింటికి ఈ సుగుణాలు లేవు. ఆక్సిబెంజోన్ ఉన్న బెంజోఫినోన్ల కుటుంబాన్ని అమెరికా స్పర్శజన్య చర్మవ్యాధుల నిపుణుల సంఘం 2014లో ‘ఈ ఏటి ఎలర్జీ కారకం’గా ప్రకటించింది. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 16 ఫిల్టర్లను సమీక్షించి, ఉన్న ఆధారాల మేరకు సురక్షితం, ప్రభావవంతం అని చెప్పదగ్గవి ఈ రెండు ఖనిజాలే అని ప్రతిపాదించింది. రెండింటిని వద్దంది, మిగతా 12కు మరింత సమాచారం కావాలంది. సమాచారం కావాలనడం హానికరమని తేల్చడం కాదు, సన్‌స్క్రీన్ వాడకం మానవద్దని ఆ సంస్థే స్పష్టంగా చెప్పింది. చర్మం పేచీ పెట్టనివారు ఆ ఫిల్టర్లను వాడుకుంటూ ఉండవచ్చు.

నానో కణాల గురించి భయం కూడా అంతే. 100 నానోమీటర్ల కన్నా చిన్నవైతే పూత తెల్లగా కనిపించదు, అందుకే తయారీదారులు వాటిని ఇష్టపడతారు. ఆరోగ్యమైన చర్మం మీద అవి పైనున్న మృతకణాల పొరను దాటి లోపలికి పోవని ఐరోపా, ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థల సమీక్షలు తేల్చాయి. ఊపిరితో లోపలికి పోవడం వేరు. కనుక ఖనిజ సన్‌స్క్రీన్ స్ప్రేగా గానీ పొడిగా గానీ దొరికినా తీసుకోకపోవడమే మంచిది. చిట్లిన, పుండు పడిన చర్మం మీద ఏ రకమూ రాయకూడదు.

జాజు రంగు సాయం

ఖనిజ సన్‌స్క్రీన్ మీద మన వాళ్ల ఫిర్యాదు ఒకటే: రాసుకుంటే ముఖానికి సున్నం కొట్టినట్టుంటుంది. ఇబ్బంది పడి తక్కువ రాస్తారు, లేదా మానేస్తారు. దీనికి జవాబు రంగు కలిపిన సన్‌స్క్రీన్. ఇది సోకు కోసం పెట్టిన రంగనుకుంటే పొరపాటు.

2010లో వెలువడిన ఒక అధ్యయనంలో నల్లని, చామనఛాయ చర్మాల మీద కంటికి కనిపించే వెలుగు కూడా గాఢమైన, చాలా రోజులు నిలిచే నలుపును తెచ్చింది. బాగా తెల్లని చర్మంలో అది జరగలేదు. మంగు మచ్చలు ఉన్న ఆడవారు ఎంత శ్రద్ధగా సన్‌స్క్రీన్ రాసినా మచ్చలు తిరగబెట్టడానికి ఇదొక కారణం. జింక్, టైటానియం పొడులు కనిపించే వెలుగును సరిపడా ఆపలేవు. ఆపేవి ఐరన్ ఆక్సైడ్లు. ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో ఉండే ఈ ఇనుప సమ్మేళనాలే గడపలకు, గోడలకు పూసే జాజులోని రంగుకూ, క్యాలమైన్ గులాబీ ఛాయకూ మూలం. డబ్బా మీద ‘టింటెడ్’ అని ఉండి, పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్లు కనిపిస్తే, మంగు ఉన్న చామనఛాయ ముఖానికి అంతకన్నా అనువైనది దొరకడం కష్టం. ‘బ్లూ లైట్’ పేరుతో ఫోన్ తెరలను చూపి భయపెట్టే ప్రకటనలను మాత్రం పట్టించుకోనక్కర్లేదు. సూర్యుడి ముందు ఫోన్ వెలుగు ఏపాటిది?

డబ్బా వెనక్కి తిప్పితే

మన దేశంలో సన్‌స్క్రీన్లు సౌందర్య సాధనాల కిందకు వస్తాయి. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం పదార్థాల జాబితా ఉండాలి, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత. ముందు వైపు రాసిన ‘నేచురల్’, ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’, ‘హైపో అలర్జెనిక్’ అన్న మాటల వెనుక అందరూ పాటించే ఒకే పరీక్ష లేదు. వెనుక జాబితా మాత్రం చాలా చెబుతుంది.

జింక్ ఆక్సైడ్ పేరు జాబితాలో మొదట్లోనే ఉండాలి. చివర్లో, మొక్కల సారాల తర్వాత ఉంటే అది పేరుకు వేసిన చిటికెడు. శాతం ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. కేవలం జింక్ మీద ఆధారపడే సన్‌స్క్రీన్లలో 20 శాతానికి అటూ ఇటూ ఉండటం మామూలు, అమెరికా, ఐరోపాలు అనుమతించే గరిష్ఠం 25. ఫ్రాగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్ అన్న మాట కనిపిస్తే సున్నిత చర్మం ఉన్నవారు డబ్బా కింద పెట్టేయవచ్చు. లినలూల్, లిమోనిన్, జెరానియోల్ అన్నవీ సువాసన పదార్థాలే. మొక్కల నూనెల నుంచి వస్తాయి, గాలి తగిలిన కొద్దీ ఎలర్జీ తెచ్చే రూపాలకు మారతాయి. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన రాదనే గానీ సువాసన పదార్థం లేదని కాదు, వాసనను కప్పిపుచ్చడానికి మరొకటి వేసి ఉండవచ్చు. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం కూడా ఎలర్జీలకు పేరుమోసింది. అలాగని నిల్వ పదార్థాలే లేని క్రీము కోరడం తెలివైన పని కాదు, మన ఉక్కపోతలో దానికి బూజు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు.

కాస్త లోతుగా చూడదలచినవారికి రెండు సూక్ష్మాలు. ‘నూరు శాతం మినరల్’ అన్న కొన్ని క్రీముల్లో బ్యూటైల్ ఆక్టైల్ శాలిసిలేట్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని సన్‌స్క్రీన్ ఫిల్టర్‌గా లెక్కించరు గానీ, రసాయనికంగా అది ఆక్టిశాలేట్ అనే సేంద్రియ ఫిల్టర్‌కు దగ్గరి బంధువు. శాలిసిలేట్లు పడనివారు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి. రెండోది, ఎస్‌పీఎఫ్ పరీక్ష చూసేది చర్మం ఎర్రబడటాన్నే. క్రీములో వాపును తగ్గించే మొక్కల సారాలు బాగా కలిపితే చర్మం ఆలస్యంగా ఎర్రబడవచ్చు, అంకె పెరుగుతుంది, కానీ లోపలికి దిగే కిరణాలు ఆ మేరకు తగ్గినట్టు కాదు. సారాల పట్టిక పొడవుగా, జింక్ వాటా కొంచెంగా ఉన్న ఎస్‌పీఎఫ్ 50ను కొంచెం అనుమానంగా చూడటంలో తప్పులేదు.

ఒకదాని మీద ఒకటి రాయడం మంచి అలవాటు కాదు. 2021లో అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు సేంద్రియ ఫిల్టర్ల మిశ్రమాలకు జింక్ ఆక్సైడ్ కలిపి 2 గంటలు యూవీ కింద ఉంచితే, ఆ మిశ్రమాల యూవీ-ఏ రక్షణ 80 శాతానికి పైగా పడిపోయింది. జింక్ తాను చెడలేదు, పక్కవాటిని చెడగొట్టింది.

ముఖం కన్నా ముందు మోచేయి

కొత్త క్రీమును బఠాణీ గింజంత తీసుకుని మోచేతి లోపలి వైపు ఒకేచోట రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాయాలి. మొదటి నిమిషాల్లోనే మంట పుట్టి తగ్గిపోతే అది చిరాకు. ఒకటి రెండు రోజుల తర్వాత దురదతో పొక్కులు లేస్తే ఎలర్జీ. రెంటికీ తేడా తెలియడం అవసరం, ఎందుకంటే చిరాకు పెట్టేదాన్ని తక్కువ సార్లు వాడి నెట్టుకురావచ్చు, ఎలర్జీ పదార్థాన్ని మాత్రం జీవితాంతం తప్పించుకోవాలి. మరో రకం ఎలర్జీ ఎండ తగిలితేనే బయటపడుతుంది. నీడలో ఉండే మోచేతి మడత దాన్ని పట్టివ్వదు. అందుకని ముంజేతి పైభాగంలో కూడా కొంచెం రాసి మామూలుగా ఎండలో తిరగాలి. ఇంతా చేసి తేలకపోతే చర్మవైద్యులు వీపు మీద అనుమానిత పదార్థాల పట్టీలు అంటించి, 2 రోజుల తర్వాత తీసి చూస్తారు. ఎండ ఎలర్జీ అనుమానమైతే రెండు వరుసలు అంటించి ఒకదానికి యూవీ-ఏ చూపిస్తారు.

చర్మం ఈ మధ్యే కొత్తగా ఎండకు ఓర్చుకోలేకపోతుంటే క్రీము కన్నా ముందు మందుల సంచీ చూడాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. ముక్కు మీదుగా రెండు చెంపలకూ పాకిన ఎర్రటి దద్దురు, కీళ్ల నొప్పులు, నీరసం కలిసి ఉంటే అది లూపస్ కావచ్చు. అక్కడ డబ్బాలు మార్చుకుంటూ కూర్చోవడం విలువైన కాలం పోగొట్టుకోవడమే.

50 గ్రాములు ఎన్నాళ్లు రావాలి?

ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. ముఖం, మెడ కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లనుకుంటే ఒక్కసారికి 1.2 గ్రాములు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు అంత వస్తుంది. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు మూడు వారాల్లో అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే రోజుకు అర గ్రాము కాస్త దాటిందన్నమాట, అంటే కావలసినదాంట్లో నాలుగో వంతు. ఆ ముఖానికి దక్కింది డబ్బా మీది అంకె కాదు. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం యూవీ-బీని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. కనుక 50ను పొదుపుగా రాయడం కన్నా 30ను నిండుగా రాయడం నయం. చెమట పట్టినా, ముఖం తుడిచినా, లేకున్నా 2 గంటలకు ఒకసారి మళ్లీ రాయాలి.

ఈ లెక్క ఎంతమందికి అందుతుంది? వరినాట్లు వేసేవారికి, ఉపాధి హామీ పనుల్లో మట్టి మోసేవారికి నెలకు రెండు ట్యూబులు కొనమనడం సలహా కాదు. ఏ ఎలర్జీ కారకమూ లేని, ఎండలో చెడని, మళ్లీ మళ్లీ రాయనక్కర్లేని రక్షణ బట్టే. తలపాగా, ముఖం చుట్టూ బిగించిన తువ్వాలు, చీర మీద తొడిగిన పొడుగు చేతుల చొక్కా కూలీ స్త్రీలు ఎప్పుడో కనిపెట్టుకున్నవి. బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే ఎంత వెలుగు కారుతుందో తెలుస్తుంది. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉన్నది ఎక్కువ ఆపుతుంది. పలుచటి తెల్ల నూలు బట్ట, అందులోనూ చెమటకు తడిసినది, తక్కువ ఆపుతుంది. గొడుగు నేరుగా పడే ఎండను ఆపినా, ఆకాశం నుంచి చెదిరి వచ్చే యూవీ పక్కల నుంచి తగులుతూనే ఉంటుంది, పొడి ఇసుక మరో 15 శాతం వరకు కింద నుంచి వెనక్కి కొడుతుంది. చర్మం మరీ సున్నితమైనవారు ముందు బట్టతో కప్పగలిగినంత కప్పి, మిగిలిన ముక్కు, చెంపలు, చేతుల వెనుక భాగాలకే క్రీము వాడితే ట్యూబు ఎక్కువ రోజులు వస్తుంది, చర్మానికి తగిలే రసాయనమూ తగ్గుతుంది. 6 నెలల లోపు పిల్లలకు క్రీము వద్దు, నీడ, బట్ట చాలు.

కొన్న ట్యూబును బైకు డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేయకూడదు. వేడికి నూనె, నీరు విడిపోతాయి, జింక్ కణాలు ముద్దకడతాయి. పిండినప్పుడు ముందు పలుచటి నీరు, తర్వాత గట్టి తెల్లటి ముద్ద వస్తే గడువు తేదీ ఇంకా ఉన్నా ఆ ట్యూబు పారేయాల్సిందే.